నడుము దెబ్బకు నష్టపరిహారం వస్తుందా? 15 వేలు ఇచ్చి సంతకం పెట్టమంటున్నారు

బంగారుపాళ్యం కోడలు
2024 ఆగస్టు 11

అందరికీ నమస్కారం. తెలిసినవాళ్లు ఎవరైనా దారి చెబుతారని రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా ఆయనకు 38 ఏళ్లు. మామిడి సీజన్ వస్తే చిత్తూరు దగ్గర ఒక జ్యూస్ ఫ్యాక్టరీలో లోడింగ్ పనికి పోతారు. మిగతా నెలల్లో ఏ కూలి దొరికితే అది. ఫ్యాక్టరీవాళ్లు నేరుగా పెట్టుకోరు, మా ఊరి మేస్త్రీ మనుషుల్ని తోలుకుపోతాడు. రోజుకు 600, వారానికి ఒకసారి ఫోన్‌పేలో వేస్తాడు. పగలంతా తోతాపురి కాయల ట్రాక్టర్లు దించడం, రాత్రయితే గుజ్జు డబ్బాల పెట్టెలు లారీకెక్కించడం. ఒక్కో పెట్టెలో మూడు కిలోల పైచిలుకు డబ్బాలు ఆరుంటాయి. సీజన్ ముమ్మరంలో ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని అలాగే నిద్రపోయేవారు.

జూన్ ఆఖర్లో ఒక సాయంత్రం కాయల క్రేటు ఇద్దరు పట్టుకుని పైకి అందిస్తున్నారు. రసం కారి కిందంతా జారుడుగా ఉంది. అవతల పట్టుకున్న పిల్లోడు కాలు జారి వదిలేశాడు. బరువంతా ఈయన మీదకొచ్చి ఒక పక్కకి మెలిక పడ్డారు. నడుములో టక్కుమని శబ్దమైందట. అక్కడే కూలబడితే మేస్త్రీ ఆటో ఎక్కించి, "కండ పట్టేసింది, వేణ్ణీళ్లు పోసుకో, ఎల్లుండికి వచ్చెయ్" అని పంపేశాడు.

ఎల్లుండికి లేవలేదు సరికదా, ఎడమకాలు పిరుదు నుంచి పాదం దాకా లాగడం మొదలైంది. మా అత్తగారు పుత్తూరు కట్టుకు పోదామన్నారు. మా వైపు ఏ దెబ్బ తగిలినా ముందు గుర్తొచ్చేది పుత్తూరే కదా. ఎముక విరగలేదు, స్కాన్ తీయించండి అని అక్కడే చెప్పి పంపేశారు. తిరుపతిలో ఎంఆర్ఐ తీయిస్తే నడుము కింది భాగంలో ఎల్4–ఎల్5 ఎముకల మధ్య డిస్క్ బయటికొచ్చి నరాన్ని నొక్కుతోందన్నారు. మూడు నెలలు బరువు ముట్టుకోకూడదు, తగ్గకపోతే ఆపరేషన్. నా కమ్మలు కుదువకు పోయాయి.

ఫ్యాక్టరీ ఆఫీసుకు రిపోర్టు తీసుకెళ్తే ఒక సారు అందులో ఒక ముక్క చూపించి, "అరుగుదల అని రాసుంది చూడమ్మా, ఇది వయసు నొప్పి. పైగా మా రిజిస్టర్‌లో యాక్సిడెంటే లేదు, అతను మా మనిషే కాదు" అన్నాడు. తర్వాత మేస్త్రీ చేత కబురు పంపారు. 15 వేలు ఇస్తారట. వంద రూపాయల స్టాంపు పేపరు మీద "మొత్తం ముట్టింది, ఇకపై ఏ క్లెయిమూ లేదు" అని రాసి సంతకం పెట్టాలట.

మా బావగారు తీసుకోమంటున్నారు. వాళ్లతో మనం తూగలేం అని ఆయన మాట. నాకు మనసొప్పడం లేదు. చెయ్యి తెగితే కనిపిస్తుంది, నడుము లోపల పోతే ఎవరికి చూపించాలి? చట్టంలో దీనికి ఏమైనా ఉందా? గుర్తింపు కార్డు లేదు, కార్మికుల బీమా ఈఎస్ఐకి కూలిలోంచి కట్ చేసినట్టు కూడా మాకు తెలియదు.


కాళహస్తి సుబ్బు

అక్కా, బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు కట్ అవుతోందేమో చూడండి. యాక్సిడెంట్‌కు 2 లక్షలు ఇస్తారు.


గ్రానైట్ అన్న

అమ్మా, ఆ స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించవద్దు. మిగతాది నిదానంగా చదవండి.

సుబ్బు చెప్పింది మంచికే గానీ, సురక్షా బీమా చనిపోతేనో, కళ్లూ కాళ్లూ చేతులూ పూర్తిగా పోతేనో ఇచ్చేది. డిస్క్‌కు రాదు. ఆ దారిలో తిరిగి చెప్పులు అరగదీసుకోవద్దు.

నేను చిత్తూరు దగ్గర గ్రానైట్ పాలిష్ యూనిట్లో చేసేవాణ్ణి. 2016లో పలక ఒరుగుతుంటే నడుముతో ఆపబోయాను. అప్పుడు నాకు 41. ఇప్పుడు తిరుపతిలో చిన్న సోడా కొట్టు పెట్టుకున్నాను, గ్యాసు సిలిండరు మా వాడు మారుస్తాడు. కాబట్టి ఇది పుస్తకం చూసి చెప్పే మాట కాదు.

మీకు పనికొచ్చేది ఈ 2024లో అమల్లో ఉన్న 1923 నాటి చట్టం. ఇప్పుడు ఉద్యోగుల పరిహార చట్టం అంటున్నారు గానీ లేబర్ ఆఫీసు దగ్గర ఎవర్నడిగినా పాత పేరు వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ మీద డబ్ల్యూసీ కేసు అనే అంటారు, మీరూ అలాగే అడగండి. పని చేస్తుండగా, పని కారణంగా దెబ్బ తగిలితే యజమాని ఇవ్వాల్సిందే. తప్పు ఎవరిదని ఆ చట్టం అడగదు. రోజుకూలీ అయినా పర్వాలేదు. "మా మనిషి కాదు" అన్నాడే ఆ సారు, ఆ మాట చెల్లదు. తన వ్యాపారానికి సంబంధించిన పని కాంట్రాక్టరు చేత చేయించుకుంటే, ఆ కూలీకి దెబ్బ తగిలినప్పుడు అసలు యజమానే కట్టాలని 12వ సెక్షన్. కట్టాక మేస్త్రీ దగ్గర వసూలు చేసుకుంటాడో మానుకుంటాడో వాళ్లిద్దరి గొడవ. జ్యూస్ ఫ్యాక్టరీకి కాయ దించడం కంటే సొంత పని ఏముంటుంది?

ఒకటి మాత్రం ముందే తేల్చుకోండి. ఈఎస్ఐ ఉందా లేదా. ఉంటే ఈ కేసు వేయడానికి లేదు, పరిహారం ఈఎస్ఐ నుంచే తీసుకోవాలి. అదీ తక్కువేం కాదు, పనికి పోలేని రోజులకు జీతంలో 90 శాతం దాకా ఇస్తారు. అయితే ఏడాదికి 7 నెలలకు మించి నడవని సీజన్ ఫ్యాక్టరీలకు ఈఎస్ఐ వర్తించదు. మీ ఫ్యాక్టరీ మామిడి అయిపోగానే తాళం వేస్తుందా, జామ, బొప్పాయి, టమాటా అని ఏడాదంతా నడుస్తుందా? మీ ఆయన ఆధార్ తీసుకుని తిరుపతి ఈఎస్ఐ ఆసుపత్రిలో అడిగితే నంబరు ఉందో లేదో చూసి చెబుతారు.

ఇక లెక్క. మీ బావగారికి ఇదే చూపించండి. రోజుకు 600 చొప్పున నెలకు 26 రోజులైతే 15,600. చట్టం 15 వేలకు మించి లెక్కలోకి తీసుకోదు, 2020 జనవరి నుంచి ఆ పరిమితి. అందులో 60 శాతం 9 వేలు. 38 ఏళ్ల వయసుకు చట్టం పట్టికలో ఉన్న అంకె 189.56. రెండూ గుణిస్తే 17,06,040. అది పూర్తిగా ఏ పనికీ పనికిరాకుండా పోయినవాడికి. మీ ఆయన సంపాదించే శక్తి 20 శాతం పోయిందని తేలితే 3,41,208. 30 శాతమైతే 5,11,812. వాళ్లు ఇస్తానన్నది 15 వేలు.

ఇది కాక, మంచం మీదున్న కాలానికి 15 రోజులకోసారి నెలజీతంలో నాలుగో వంతు ఇవ్వాలి. మీకు 3,750 వస్తుంది. స్కాను, మందులు, డాక్టరు ఖర్చు అసలు బిల్లుల ప్రకారం వేరే. కాబట్టి మందుల షాపు చీటీ ఒక్కటి కూడా పారేయకండి.

ఇప్పుడు అసలు చిక్కు. చెయ్యి, వేలు, కన్ను పోతే ఎంత శాతమో చట్టం చివర పట్టికలో రాసుంటుంది. నడుము ఆ పట్టికలో లేదు. డాక్టరు తేల్చాలి. ఇక్కడే మనవాళ్లు మోసపోతారు. డాక్టరు శరీర వైకల్యం ఎంత అని రాస్తాడు, మనకు కావాల్సింది సంపాదన శక్తి ఎంత పోయిందని. రెండూ వేరు. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసేవాడికి ఇదే డిస్క్ దెబ్బ తగిలితే నెలకు పని మొదలుపెడతాడు. క్రేటు ఎత్తేవాడి సంగతి అది కాదు. 1975 డిసెంబరులో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసని సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఒక వడ్రంగికి ఎడమ చెయ్యి మోచేతి పైదాకా పోయింది. ఒక్క చేత్తో వడ్రంగం చెయ్యలేడు కాబట్టి నూటికి నూరు శాతం సంపాదన పోయినట్టే అన్నారు. మీ లాయరుకు ఈ పేరు చెప్పండి, తెలిసే ఉంటుంది. తెలియకపోతే లాయర్ని మార్చండి.

నా కేసులో ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు లేచి, "ఈ ఆఫీసుకు మెట్లెక్కే వచ్చావు కదా, మరి నడుముకేమైంది?" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నేను, "అయ్యా, మెట్లెక్కితే నాకెవరూ కూలి ఇవ్వరు. పలక ఎత్తితే ఇస్తారు" అన్నాను. ఆఫీసరు ఆ మాట రాసుకున్నాడు. సర్టిఫికెట్‌లో 25 శాతం వైకల్యం ఉంటే, చేసే పని చూసి సంపాదన నష్టం 40 శాతంగా తేల్చాడు. అప్పటికి జీతం పరిమితి 8 వేలే, అందుకని 3 లక్షల 48 వేల చిల్లర వచ్చింది, వడ్డీ వేరే. ఇప్పటి పరిమితి అయితే దాదాపు రెండింతలు.

అరుగుదల అని రిపోర్టులో ఉందని భయపడకండి. పాతికేళ్లకే మూటలు మోయడం మొదలుపెట్టినవాడి నడుము అరగక ఏం చేస్తుంది? లోపల కొంత అరుగుదల ఉన్నా, ఆ రోజు పనిలో పడిన భారం వల్ల అది దెబ్బగా మారిందని చూపిస్తే కేసు నిలుస్తుంది. అందుకే అంతకుముందు రోజు దాకా పూర్తి పని చేశాడని రుజువు కావాలి. ఫోన్‌పేలో పడిన వారం వారం కూలి, గేటు దగ్గర హాజరు పుస్తకం, పక్కన పనిచేసిన ఇద్దరి మాట. క్రేటు వదిలేసిన పిల్లోడు దొరికితే ఇంకా మంచిది. వాడి మీద కోపం పెట్టుకోకండి, మీకు పెద్ద సాక్షి వాడే.

ఈ వారంలోనే ఫ్యాక్టరీకి, మేస్త్రీకి వేర్వేరుగా రిజిస్టర్ పోస్టులో కాగితం పంపండి. ఎప్పుడు, ఎక్కడ, ఏం ఎత్తుతుంటే దెబ్బ తగిలిందో తెలుగులో నాలుగు ముక్కలు చాలు. కేసు వేయడానికి రెండేళ్ల గడువుంది, కానీ ఆలస్యమయ్యేకొద్దీ "ఇంట్లో పడ్డాడేమో" అంటారు. ఆ కాగితం అందాక ఫ్యాక్టరీవాళ్లు తమ ఖర్చుతో డాక్టరుకు చూపిస్తామంటే వద్దనకండి, వెళ్లకపోతే పరిహారం ఆపే హక్కు వాళ్లకుంటుంది. వెళ్లి, రాసిన ప్రతి కాగితం నకలు అడగండి.

స్టాంపు పేపరు గురించి. పరిహార కమిషనర్ దగ్గర, అంటే కార్మిక శాఖలో ఈ కేసులు వినే ఆఫీసరు దగ్గర, రిజిస్టర్ కాని ఒప్పందంతో వాళ్ల బాధ్యత తీరదు. ఒకవేళ పెట్టించేసుకున్నా కేసు పోదు, కమిషనర్ వేరేగా చెబితే తప్ప, తీసుకున్న డబ్బులో సగానికి మించి రాబోయేదాంట్లో తగ్గించడానికి లేదు. కానీ సంతకం ఉంటే దాన్ని చూపించి సాగదీస్తారు. అందుకే వద్దంటున్నా.


షిఫ్ట్ ఇన్‌ఛార్జి

నేను ఫ్యాక్టరీ వైపు మనిషిని, వేరే ఊరు, వేరే ఫ్యాక్టరీ. రెండో పక్క కూడా వినండి. ఆదివారం బైకు మీద పడి సోమవారం వచ్చి ఇక్కడ దెబ్బ తగిలిందనేవాళ్లు ఉన్నారు. నడుము నొప్పి అంటే మేం ఎలా నమ్మాలి? ఆ రోజే సూపర్‌వైజర్‌కు చెప్పి రాయిస్తే ఈ గొడవ ఉండదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. దెబ్బ తగిలి 48 గంటలకు మించి పనికి రాలేకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు నోటీసు పంపాలి. చాలాచోట్ల ఆ కాగితం కదలదు. రిజిస్టర్‌లో ఎంట్రీ లేదంటే దెబ్బ తగల్లేదని కాదు, ఎవరూ రాయలేదని. ఇంకొకటి, ఇలాంటి దెబ్బలకు చాలా యాజమాన్యాలు ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుని ఉంటాయి. అక్క పంపే కాగితంలో "మీ పాలసీ వివరాలు ఇవ్వండి" అని ఒక లైను కలపమనండి. ఇన్సూరెన్స్ ఉందని తేలితే మా ఆఫీసు సార్ల గొంతు మెత్తబడుతుంది, డబ్బు వాళ్ల జేబులోది కాదు కదా.


గ్రానైట్ అన్న

ఆ రోజే రాయించాలంటే, కూలబడ్డ మనిషిని ఆటో ఎక్కించి పంపేస్తే ఎవరు రాయిస్తారు సార్? పాలసీ లైను మాత్రం బంగారం లాంటి మాట, థాంక్స్. దానికి నాది ఒక తోక. దెబ్బ తగిలిన నెల లోపల పరిహారం ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆపారని తేలితే అసలు మీద సగం దాకా జరిమానా కూడా వేయొచ్చు. ఆ జరిమానా ఇన్సూరెన్స్ కంపెనీ కట్టదు, యజమాని జేబులోంచే పోవాలని 1997లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆఫీసు సారుకు ఈ సంగతి ఎవరైనా చెవిన వేస్తే బాగుండు.


తిరుపతి ఫిజియో

అమ్మా, నేను ఇక్కడ ఫిజియోథెరపిస్టును. కేసు కంటే ముందు ఒక విషయం. ఆయనకు మూత్రం ఆగిపోవడం, తెలియకుండా పోవడం, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం, పాదం పైకెత్తలేక చెప్పు జారిపోవడం లాంటివి ఏవైనా ఉంటే ఒక్క రాత్రి కూడా ఆగకండి. నేరుగా ఇక్కడి రుయా ఆసుపత్రికి గానీ స్విమ్స్ ఆసుపత్రికి గానీ తీసుకురండి. అవి లేకపోతే కంగారు అక్కర్లేదు, డిస్క్ నొప్పుల్లో చాలావరకు ఆపరేషన్ లేకుండానే తగ్గుతాయి.

ఇక కాగితాల సంగతి. ఎంఆర్ఐ ఒక్కటే పట్టుకుని వెళ్లకండి. ఏ నొప్పీ లేని మనిషికి స్కాన్ తీసినా డిస్క్ ఉబ్బు కనిపించడం మామూలే, ఎదుటి లాయరు ఆ ముక్కే పట్టుకుంటాడు. మీకు కావాల్సింది డాక్టరు చేత్తో పరీక్ష చేసి రాసినది. పడుకోబెట్టి కాలు నిటారుగా లేపితే ఎంత ఎత్తుకు నొప్పి వస్తోంది, బొటనవేలి బలం తగ్గిందా, కాలి మీద ఎక్కడ స్పర్శ తగ్గింది, ఇవన్నీ ఓపీ చీటీలో ఉండాలి. అవి స్కాన్‌లో నొక్కుకున్న నరంతో సరిపోతే, అప్పుడది మాటవరసకు చెప్పే నడుము నొప్పి కాదు. బర్డ్ ఆసుపత్రిలో ఎముకల డాక్టర్లున్నారు, ప్రభుత్వ డాక్టరు కాగితం కావాలంటే రుయా. ఎక్కడికెళ్లినా, "పనిలో బరువు ఎత్తుతుండగా" అన్న మాట కేసు షీటులో రాయమని అడగండి. చాలామంది నొప్పి గురించే చెబుతారు, ఎలా వచ్చిందో చెప్పరు. డాక్టరు "నడుము నొప్పి, రెండు నెలలుగా" అని రాసేస్తాడు.

వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరంలో 40 శాతం రాలేదని నిరాశపడేవాళ్లను కూడా చూస్తుంటాను. అది పింఛను కోసం. మీ కేసుకూ దానికీ సంబంధం లేదు.


బంగారుపాళ్యం కోడలు
2024 ఆగస్టు 25

అందరికీ దండాలు. మూత్రం ఇబ్బంది ఏమీ లేదు, బొటనవేలు మాత్రం సరిగ్గా లేవడం లేదు. రుయాలో రాయించాము, పనిలో బరువు ఎత్తుతుండగా అన్న మాటతో సహా. ఈఎస్ఐ నంబరు లేదని తేలింది. రిజిస్టర్ పోస్టు రెండూ పంపాము. ఫ్యాక్టరీ నుంచి రసీదు కార్డు తిరిగి వచ్చింది, మేస్త్రీ మాత్రం తీసుకోలేదు.

ఇప్పుడు మేస్త్రీ ఇంటికొచ్చి, "కేసు వేస్తే వచ్చే సీజన్‌కు మీ వీధి నుంచి ఒక్కర్ని కూడా తీసుకుపోను" అంటున్నాడు. పక్కింటివాళ్లు మాతో సరిగ్గా మాట్లాడటం లేదు. సాక్షులు కూడా వెనకాడుతున్నారు, ఆ పిల్లోడు ఒక్కడే వస్తానన్నాడు. ఇంకో సందేహం. ఫోన్‌పేలో చూస్తే డబ్బు మేస్త్రీ పేరు మీద కాదు, వాళ్ల ఆవిడ నంబరు నుంచి వచ్చింది. అది పనికొస్తుందా? లాయరుకు ఇవ్వడానికి మా దగ్గర డబ్బు కూడా లేదు అన్నా.


గ్రానైట్ అన్న

పనికొస్తుంది అమ్మా. వారం వారం, అదీ సీజన్ నెలల్లోనే, ఒకే నంబరు నుంచి కూలి లెక్కకు సరిపోయే మొత్తం పడుతుంటే అది అప్పు అని ఎవరూ అనలేరు. బ్యాంకుకు వెళ్లి ఆ నెలల స్టేట్‌మెంట్ ముద్ర వేయించి తీసుకోండి, స్క్రీన్‌షాట్ కంటే దానికి విలువెక్కువ. రేపు ఫలానా టైముకు రండి అని మేస్త్రీ వాట్సాప్‌లో పెట్టిన వాయిస్ మెసేజులుంటే చెరపకండి. మేస్త్రీ పోస్టు తీసుకోకపోయినా నష్టం లేదు, తిరిగొచ్చిన కవరు విప్పకుండా అలాగే దాచండి. తీసుకోలేదని పోస్టుమ్యాన్ రాసిన రాత దాని మీదే ఉంటుంది.

సాక్షి ఒక్కడైనా చాలు, నిజం చెప్పేవాడైతే. మిగతావాళ్లను బలవంతపెట్టకండి, వాళ్లకూ పిల్లలున్నారు. మేస్త్రీ బెదిరింపు గురించి నేను తేలిగ్గా చెప్పలేను. నా కేసప్పుడు మా యూనిట్లో నాతో మాట్లాడటం మానేసినవాళ్లు ఇప్పటికీ ఎదురైతే తల పక్కకు తిప్పుకుంటారు. ఒకటి చెప్పగలను. సీజన్ ముమ్మరంలో కాయ గేటు బయట ట్రాక్టర్ల మీద మగ్గుతుంటే, దించేవాళ్లు ఏ వీధివాళ్లని ఏ మేస్త్రీ అడగడు.

లాయరు డబ్బు గురించి దిగులు వద్దు. చిత్తూరు కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఉచితంగా లాయర్ని ఇస్తారు, ఆడవాళ్లకూ, ఫ్యాక్టరీ కార్మికులకూ ఆదాయంతో పని లేకుండా. ముందుగా ఫోన్ చేయాలంటే 15100. బయట లాయరు కావాలనుకుంటే వచ్చేదాంట్లో వాటా అడుగుతాడు, ఆ మాటకు మాత్రం ఒప్పుకోకండి, ఫీజు ఇంత అని ముందే మాట్లాడుకోండి.

దెబ్బ తగిలిన చోట గానీ మీరు ఉండే చోట గానీ కేసు వేయొచ్చు, మీకు రెండూ చిత్తూరు జిల్లాలోనే కాబట్టి తిరుపతి తిరగాల్సిన పని లేదు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. నాకు ఏళ్లు పట్టింది. డాక్టరు సాక్ష్యానికి రావడం దగ్గరే ఎక్కువ కాలం పోతుంది. అందుకే సర్టిఫికెట్ ఇచ్చే డాక్టర్ని ముందే అడగండి, పిలిస్తే వచ్చి చెబుతారా అని. రానన్నవాడి దగ్గర తీసుకోకండి.

బొటనవేలు లేవడం లేదన్నారు కదా, అది మళ్లీ ఒకసారి ఆ ఫిజియో తమ్ముడిని అడిగి, నరాల పరీక్ష ఏదైనా చేయించాలేమో చూసుకోండి. కేసుకు పనికొస్తుందని కాదు, కాలు కోసం.


తిరుపతి ఫిజియో

అవునమ్మా, నరాలు ఎలా పనిచేస్తున్నాయో చూసే పరీక్ష ఉంది. అన్నిటికంటే ముందు ఈ వారమే న్యూరో సర్జన్‌కు చూపించండి. బలం ఇంకా తగ్గుతోందా, అలాగే ఉందా అన్నది ఆయన తేల్చాలి. స్విమ్స్ ఓపీకి పొద్దున్నే రండి, పాత స్కాన్ సీడీ కూడా తెచ్చుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తే మళ్లీ తీయమంటారు.